కాలువ క్యాంపు డోజర్

ఏటిగడ్డ, సిరోంచ తాలూకా
3 డిసెంబర్ 2024

కిష్టన్న బావకు బుచ్చన్న రాస్తున్నాడు.

మేమంతా క్షేమం అని మొదలుపెట్టాలి కాబట్టి పెట్టాను. దసరా నాడు ఫోన్‌లో మనిద్దరం అరుచుకున్నాక మా అక్క సుశీల ఏమందో నీకు గుర్తుండే ఉంటుంది. ఇద్దరిలో ఎవరు ఫోన్ అందుకున్నా దాన్ని రోట్లో వేసి దంచుతానంది. చెప్పుకునేది ఉంటే కాగితం మీద రాసుకోమంది. ఒకందుకు అదే మేలు. కాగితం మీదైతే నువ్వు మధ్యలో నా మాట అందుకోలేవు.

సంగతి ఇది. మా నాయన పంచి ఇచ్చిన మూడెకరాలు ప్రాణహిత వరదకు ఇసుక కింద పోయి రెండేళ్ళయింది. మోకాలి లోతు ఇసుక, కొన్నిచోట్ల నడుము దాకా. పోయిన ఎండాకాలం జేసీబీ పెట్టిస్తే టైర్లు దిగబడి, దాన్ని బయటికి లాగడానికే ఒక పూట పట్టింది. రెండు వానాకాలాలు నాటు లేదు. దుకాణం నుంచి బియ్యం సంచి తెప్పించి నా పెళ్ళాం భీమక్క వండిన రోజు నేను ఇంట్లో అన్నం ముట్టలేదు. ఈసారి కూడా వరి పడకపోతే ఇక నేను రైతునని చెప్పుకోవడం మానేయాలి.

ఇసుకలో దిగబడనిది చైన్ల మీద నడిచే డోజర్ ఒక్కటే. అది మన దగ్గరే ఉంది. అడవి అంచున కాలువ తవ్వుతామని మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన క్యాంపు ఉంది కదా, అక్కడ పసుపు డోజర్ ఒకటి పద్నాలుగేళ్ళుగా కదలకుండా నిలబడి ఉంది. దాన్ని తెచ్చిన గుత్తేదారు పోయాడు. కొడుకు అరుణ్‌కుమార్ జనవరి నెలాఖరులోగా ఎవరికో ఒకరికి అంటగట్టి చేతులు దులుపుకుంటానంటున్నాడు. ఆరు లక్షలు చెబుతున్నాడు. ఎద్దుల జత, భీమక్క బంగారం పోతే సరిపోతుంది. ముందు నా చేను, తర్వాత ఇసుక కింద ఉన్న మిగతా వాళ్ళ చేలు చదును చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది.

కొనొచ్చా, వద్దా? ఒక్క మాటలో చెప్పు. నీకు ఒక్క మాటలో చెప్పడం రాదని తెలిసీ అడుగుతున్నాను.

నీ బామ్మర్ది,
బుచ్చన్న

గడ్చిరోలి
12 డిసెంబర్ 2024

బుచ్చన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వడానికి, రెండోసారి మీ అక్కకు వినిపించడానికి, మూడోసారి నువ్వు నిజంగానే రాశావా అని చూడ్డానికి.

సర్కారు వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు డోజర్లు విప్పి బిగించినవాణ్ణి నేను. నువ్వు నీ జన్మలో కొన్న యంత్రాలు రెండు. ఒకటి మీ బావిలో పడి ఉన్న మోటారు. రెండోది ఆ మోపెడ్, దాని మీద ఇప్పుడు కోళ్ళు పడుకుంటున్నాయని మీ అక్క చెప్పింది. అలాంటివాడు డోజర్ కొంటానంటే ఆ యంత్రం మీద జాలేస్తోంది. పద్నాలుగు వానాకాలాలు బయట తడిసిన ఇంజన్ అంటే ఏమనుకున్నావు? అది ఇనుము. దాని రంగు, దాని ఠీవి చూసి మురిసిపోకు, నువ్వు పెళ్ళిచూపులకు పోవడం లేదు.

సరే, అడిగావు కాబట్టి చెబుతున్నాను. రాసింది రాసినట్టు చెయ్యి, నీ తెలివి కలపకు. ముందు చైను తిప్పే పళ్ళ చక్రం చూడు. పళ్ళు మొద్దుగా ఉంటే మంచిది, కత్తి మొనల్లా సూదిగా ఉంటే అరిగిపోయినట్టు. తర్వాత ఇంజన్ పైన డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ఒక్కొక్కటి విప్పి, ఆ రంధ్రంలోకి సన్నని కమ్మీ దించి, కొసకు ఏం అంటిందో చూడు. ఆఖరున ఇంజన్ వెనుక చక్రం దగ్గర రేకు మూత తీసి, గడ్డపార పెట్టి తిప్పు. జానెడు తిరిగినా ప్రాణం ఉన్నట్టే. తిరగకపోతే చేతులు కడుక్కుని ఇంటికి పో.

ఇక్కడ నల్లా నీళ్ళు నాలుగు రోజులకొకసారి వస్తున్నాయి. నా మోకాళ్ళ సంగతి అడగలేదు నువ్వు. బాగాలేవు.

కిష్టన్న

ఏటిగడ్డ
29 డిసెంబర్ 2024

బావకు,

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అడిగాను. ఇక అసలు సంగతి.

నిన్న పొద్దున హోటల్ సోమును, ఇంకో ఇద్దరిని వెంటేసుకుని క్యాంపుకు పోయాను. చలి ఎట్లా ఉందంటే పానాలు చేతికి అంటుకుపోతున్నాయి. పళ్ళ చక్రం మొద్దుగానే ఉంది, చైను కూడా గట్టిగా ఉంది. అది చూసి సోముకు అక్కడే చాయ్ తాగించాను, తొందరపడ్డాను. ఇంజెక్టర్లు విప్పి కమ్మీ దించితే నాలుగింటిలోనూ కొసకు తెల్లగా, గట్టిగా, డాల్డాలాంటిది అంటుకొచ్చింది. వేలికి రాసుకుంటే మెల్లగా జిడ్డయింది. గడ్డపార పెట్టి నలుగురం వేలాడాం. వెంట్రుకవాసి కదల్లేదు. గడ్డపారే వంగింది.

అక్కడ కాపలా మనిషి ఒకావిడ ఉంది, జంగుబాయి. గోండు గూడెం మనిషి. మొదట ఆమె మొగుడు మారయ్య కాపలా ఉండేవాడు, అతను పోయాక ఈమె ఉంటోంది. మేం వేలాడుతున్నంతసేపూ నిప్పుల దగ్గర కూర్చుని చూసింది. చివర్లో నా దగ్గరకొచ్చి చెప్పింది. "గిప్పుడు ముట్టకు పటేలా. నా మొగుడు ఏటేట దసరాకు దాన్ల నూనె పోసెటోడు, ఇప్పుడు నేను పోస్తున్న. చలిల అది తిరుగది. హోళీ దాటినంక రా, తిరుగుతది."

వింటున్నావా బావా? ఎలుగుబంటి లాగా డోజర్‌కు కూడా చలికాలం నిద్ర ఉంటుందట. సోము నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. నేను కూడా నవ్వాను గానీ ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. మనసులో అప్పటికే మడి కట్టి నాటు వేసేశాను.

ఆ తెల్లటిది ఏంటి? ఇంజన్ ఉన్నట్టా, పోయినట్టా? తొందరగా రాయి. అరుణ్‌కుమార్ రోజూ ఫోన్ చేస్తున్నాడు.

బుచ్చన్న

గడ్చిరోలి
7 జనవరి 2025

బుచ్చన్నా,

పోయింది. నువ్వడిగిన ఒక్క మాట ఇదే.

ఇప్పుడు కారణం విను. ఇంజన్ పైన మూతలా ఉండే హెడ్డు పగిలి నీళ్ళు నూనెలో కలిస్తే, ఆ నూనె వెన్నలా తెల్లగా అవుతుంది. వర్క్‌షాపులో నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు కూడా చెప్పే సంగతి ఇది. ఆ నీళ్ళతోనే లోపల పిస్టన్లు తుప్పుపట్టి గోడలకు అతుక్కుపోయాయి. అందుకే గడ్డపార వంగింది. దాన్ని బాగు చేయించే డబ్బుతో ఇంకో డోజర్ వస్తుంది. తుక్కుకు వేయడం తప్ప దానికి గతి లేదు.

ఇక ఆ జంగుబాయి చెప్పింది. దసరాకు ఆయుధపూజ చేసి, బ్లేడు మీద ఇంత పసుపు పూసి, గరిటెడు నూనె చిలకరిస్తే ఇంజన్ బతుకుతుందా? అలా బతికితే నేను ముప్పై నాలుగేళ్ళు పానాలు ఎందుకు పట్టుకున్నాను, కొబ్బరికాయలు కొట్టుకుంటూ కూర్చునేవాణ్ణి కదా. ఆవిడ తెలివి నీకు అర్థం కాలేదు. డోజర్ పోతే కాపలా పని పోతుంది. హోళీ దాకా ఆపితే ఇంకో మూడు నెలలు జీతం. అంతే, దాంట్లో రహస్యమేం లేదు.

మీ అక్క ఒకసారి వెళ్ళి చూసి రారాదా అంటోంది. చూడ్డానికి ఏముంది? నువ్వు రాసిన మూడు వాక్యాలు చాలు నాకు. ఈ ఉత్తరం కావాలంటే అరుణ్‌కుమార్‌కు చూపించు. తుక్కును ఆరు లక్షలకు అమ్మజూస్తున్నాడు, సిగ్గుపడతాడేమో.

కిష్టన్న,
రిటైర్డు హెడ్ ఫిట్టర్

ఏటిగడ్డ
2 ఫిబ్రవరి 2025

బావకు నమస్కారం.

నువ్వు చెప్పినట్టే చేశాను. చూడు, నేను కూడా ఒకరి మాట వింటాను.

మొన్న అరుణ్‌కుమార్ సిరోంచకు వస్తే నలుగురిలో నీ ఉత్తరం చదివి వినిపించాను. కింద నీ హోదా కూడా చదివాను. అతని ముఖం మాడిపోయింది. అప్పటిదాకా ఆరు అన్నవాడు తుక్కు తూకానికి దిగాడు. చంద్రపూర్ తుక్కు వ్యాపారికే ఇచ్చేస్తాడనుకుంటే, గూడెం గ్రామసభ వాళ్ళు ముందుకొచ్చి అదే తూకం ధరకు మాకివ్వండి అన్నారు. తునికాకు డబ్బు ఉంది కదా వాళ్ళ దగ్గర, దాంతో కొనేశారు. జంగుబాయి మేనల్లుడు సునీల్ ఐటీఐ చదివాడు, వాడే బేరం నడిపించాడు. నీ ఉత్తరాన్ని సెల్‌లో ఫోటో కూడా తీసుకున్నాడు. గడ్చిరోలి ఇంజనీరు సాబు రాసిన కాగితం అని అందరికీ చూపిస్తున్నాడట.

దాన్నేం చేసుకుంటారురా, గుడి కట్టిస్తారా అని అడిగాను. జంగుబాయి నా వంక ఒకసారి చూసి నోట్లు లెక్కపెట్టడంలో పడింది.

మండుటెండల్లో ఆకులు కోసి కట్టలు కట్టిన డబ్బు తీసుకెళ్ళి తుప్పులో పోశారు. నవ్వొస్తోంది. కానీ బావా, నా చేను అట్లనే ఉంది. మొన్న ఇసుక మీద నడుస్తుంటే మా నాయన పాతిన గట్టురాయి కాలికి తగిలింది. కొస మాత్రమే పైకి ఉంది. కాసేపు అక్కడే కూర్చున్నాను.

బుచ్చన్న

గడ్చిరోలి
11 ఫిబ్రవరి 2025

బుచ్చన్నా,

నా ఉత్తరం వల్ల నీ ఎద్దులు, మా భీమక్క బంగారం మిగిలాయి. ఒక్క ముక్క మెచ్చుకోలు రాయలేదు నువ్వు. నీ దగ్గర నుంచి ఆశించడం నాదే తప్పు.

గూడెం వాళ్ళ సంగతి మనకెందుకు. ఐటీఐ చదివిన కుర్రాళ్ళను నేను ఇరవై మందిని చూశాను, పానా నంబర్ తెలుసు గానీ నట్టు ఎటు తిప్పాలో తెలియదు. నీకు చేను చదును కావాలంటే మంచిర్యాల వైపు డోజర్లు కిరాయికి ఇచ్చేవాళ్ళు ఉన్నారు, కనుక్కో. ఏప్రిల్ లోపల మాట్లాడుకో, తర్వాత దొరకవు.

ఇంజనీరు సాబు అన్నారా నన్ను? మీ అక్కకు చెప్పాను. నవ్వింది, ఎందుకు నవ్విందో చెప్పలేదు.

కిష్టన్న

ఏటిగడ్డ
20 ఏప్రిల్ 2025

ఇంజనీరు సాబు గారికి,

మంచిర్యాల వాళ్ళు ఏటి ఇసుకలోకి బండి దించం అన్నారు. అది వదిలెయ్. ఇప్పుడు నేను రాసేది నిలబడి చదవకు, కూర్చుని చదువు.

డోజర్ నడుస్తోంది.

పోయిన సోమవారం మిట్టమధ్యాహ్నం, నేను వేపచెట్టు కింద మంచం వేసుకుని ఉంటే, అడవి వైపు నుంచి ధడధడమని మోత వచ్చింది. ఊరంతా పరుగెత్తింది. చూస్తే కాలువ గట్టు మీద అదే డోజర్, పైన సునీల్, వెనకాల గూడెం మొత్తం. పొగ గొట్టం నుంచి తెల్లటి పొగ. ఆ పొగ వాసన డీజిల్‌ది కాదు బావా. ఇంట్లో బూరెలు వేయిస్తున్నప్పటి వాసన. ఇప్పనూనె వాసన.

అందరూ చప్పట్లు కొడుతుంటే నేను జంగుబాయి దగ్గరికి పోయి అడిగాను. ఈసారి కూర్చుని అడిగాను. పనులు ఆగిపోయి వెళ్ళిపోయేటప్పుడు డోజర్ నడిపేవాడు మారయ్యకు చెప్పాడట, ఏటా ఒకసారి ఇంజెక్టర్లు విప్పి రంధ్రాల్లో నూనె పోస్తుండు, లోపల తుప్పు పట్టదు అని. మొదటి ఏడాది కంపెనీ డబ్బాలో ఉన్న నూనె పోశాడు. అది అయిపోయింది. తర్వాత ఇంట్లో ఉన్న నూనె పోశాడు. వాళ్ళింట్లో ఏ నూనె ఉంటుంది? అడవిలో ఇప్పకాయలు ఏరి గానుగ పట్టించుకున్నదే. మారయ్య పోయాక ఆమె, సునీల్ కలిసి పోస్తున్నారు. దసరాకు నిండుగా పోస్తే చలికి లోపలే నెయ్యిలా గడ్డకడుతుంది. ఆ గడ్డ మీదికి పిస్టన్ ఎట్లా లేస్తుంది? హోళీ దాటి ఎండ ముదిరితే కరిగి కిందికి దిగిపోతుంది. అప్పుడు గడ్డపారతో ఒక చుట్టు తిప్పి వదిలేస్తారట. పద్నాలుగేళ్ళు ఇదే పని. లోపల నిగనిగలాడుతోందని సునీల్ చెప్పాడు. బ్యాటరీ, గొట్టాలు, కొత్త ఫిల్టర్లు, ఇంతే పడ్డాయి దానికి.

హెడ్డు పగిలింది అన్నావు. నీళ్ళు కలిశాయి అన్నావు. జీతం కోసం అబద్ధం ఆడుతోంది అన్నావు. ఏ నూనె అని ఒక్క ముక్క అడిగావా? ముప్పై నాలుగేళ్ళు నువ్వు పానాలు పట్టుకున్నావో, పానాలే నిన్ను పట్టుకుని తిరిగాయో నాకు తెలియదు. నీ చీటీ పుణ్యాన వాళ్ళకు తుక్కు ధరకు దొరికింది. నేను ఎండలో నిలబడి నా డోజర్‌ను చూసుకున్నాను.

ముందు గూడెం వాళ్ళ పొలాలు, తర్వాత డీజిల్ పోయించుకునే ఎవరివైనా చేస్తారట. గ్రామసభలో పేరు రాయించాను. నాది ముప్పై ఒకటో నంబర్.

నీకు నమస్కారం పెట్టడానికి చేయి రావడం లేదు.

బుచ్చన్న

గడ్చిరోలి
28 ఏప్రిల్ 2025

బుచ్చన్నా,

ఏ నూనె అని నేను అడగలేదు. ఆవిడ ఎదురుగా నిలబడినవాడివి నువ్వు, నువ్వూ అడగలేదు. నిప్పుల దగ్గర కూర్చున్న మనిషిని చూసి నవ్వి వచ్చిన నీకు నన్ను అనే హక్కు లేదు. ఈ ముక్క ముందే రాసి పెడుతున్నాను, తర్వాత రాసేది చదివి నువ్వు రెచ్చిపోతావు కాబట్టి.

నీ ఉత్తరం మీ అక్క చదివింది, నేను విన్నాను. ఇప్పనూనె అనగానే ఆగి నా వంక చూసింది. నా చిన్నప్పుడు మా ఇంట్లో వేరే నూనె లేదు. చలికాలం పొద్దున మా అమ్మ నూనె ముంతను పొయ్యి గట్టు మీద పెట్టి కరిగించి కూర తాలింపు వేసేది. నేను కరగకముందే ఆ నూనె గడ్డను వేలితో తీసి పగిలిన మడమలకు రాసుకుని బడికి పోయేవాణ్ణి. తెల్లగా, గట్టిగా, వేలికి రాస్తే జిడ్డవుతుంది అని నువ్వు రాసింది మూడుసార్లు చదివి కూడా నాకు మా అమ్మ ముంత గుర్తుకు రాలేదు. వర్క్‌షాపే గుర్తుకొచ్చింది. ఆ ఇంట్లో పుట్టి, ఆ నూనె తిని పెరిగినవాడు చేయాల్సిన తప్పు కాదిది.

వచ్చి చూసి ఉంటే వాసనకే తెలిసిపోయేది. మోకాళ్ళని రాశాను గానీ మోకాళ్ళు అడ్డం కాదు. రాలేదు, ఎందుకంటే నువ్వు రమ్మనలేదు. చెప్పు అన్నావు, రాయి అన్నావు. బావా ఒకసారి రా అని ఒక్క ఉత్తరంలో లేదు. పిలవకుండా వచ్చి ఇనుము కింద పడుకోవడానికి నేను నీ మెకానిక్‌ను కాదనుకున్నాను. అందుకే ఇక్కడ కూర్చుని పోయింది అని రాశాను.

ఒక పని చెయ్యి. కరిగిన ఆ నూనె అంతా ఇంజన్ కింద నూనె నిలిచే తొట్టి, సంపులోకి దిగి ఉంటుంది. సంపు విప్పి కడిగి కొత్త నూనె పోయకపోతే బేరింగులు పోతాయని ఆ సునీల్‌కు చెప్పు. నా పేరు చెప్పకు.

కిష్టన్న

ఏటిగడ్డ
24 జూన్ 2025

బావకు,

నీ పేరు చెప్పాను. చెప్పొద్దన్నావు కాబట్టే చెప్పాను. సంపు వాళ్ళు ఇంజన్ స్టార్ట్ చేయకముందే విప్పి కడిగారట. సునీల్ నవ్వలేదు, మర్యాదగానే చెప్పాడు. నాకు అదే ఇంకా కష్టంగా అనిపించింది.

మే నెలంతా నేను రోజూ పోయి వరుస ఎంతదాకా వచ్చిందో చూసి వచ్చాను. ఇరవై దగ్గర ఉండగా ఆకాశం మబ్బు పట్టింది. ఇక ఆగలేక జంగుబాయిని అడిగాను, నా పేరు జర ముందుకు జరపమని. రెండేళ్ళ నుంచి గింజ లేదని చెప్పాను. భీమక్క కూడా వచ్చి చెప్పింది. ఆమె అంతా విన్నది. "నువ్వు చీటీ తెచ్చి చదివినవు, మాకు అగ్గువకు దొరికింది. గది మర్చిపోను పటేలా. కని వరుసల ఉన్నోళ్ళకు కూడ గింజ లేదు" అంది. డిసెంబర్‌లో ఆమె నాకు చెప్పాల్సింది చెప్పింది. వినలేదు నేను.

నా వంతు జూన్ పద్నాలుగున వచ్చింది. సునీల్ పొద్దున ఏడింటికే దిగాడు. బ్లేడు ఇసుకను నెట్టుకుంటూ పోతే వెనకాల నల్లమట్టి బయటపడింది. భీమక్క చెప్పులు విప్పి దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. రెండో రోజు, మూడో రోజు, రెండెకరాలు అయింది. మూడో రాత్రి వాన మొదలైంది. తెల్లారేసరికి ఏటి ఒడ్డు బురదైపోయి డోజర్‌ను గట్టు మీదికి ఎక్కించుకుపోయారు. మళ్ళీ ఎండాకాలమే అన్నారు.

రెండెకరాలకు సరిపడా నారు పోశాను. మూడో ఎకరం ఇసుక కిందే ఉంది. డోజర్ నా చేతిలో ఉండి ఉంటే ఏప్రిల్‌లోనే మూడెకరాలూ తేలేవి. కాబట్టి ఆ ఎకరం నీ లెక్కలో రాశాను. నా లెక్కలో రాసుకుందామన్నా భీమక్క ఒప్పుకోలేదు, ఇద్దరిలో పెద్దవాడి మీద రాయమంది.

వానలు తగ్గాక రా. నిన్ను బావగా పిలవడం లేదు, కొత్త తువ్వాలు, కోడికూర ఆశించకు. కూలీగా పిలుస్తున్నాను. పార, తట్ట ఇస్తాను. మోకాళ్ళు వంగకపోతే కూర్చుని ఎత్తు. చేతులతో ఎత్తేలోపు ఇంకో ఎండాకాలం వచ్చి డోజర్ వచ్చేస్తుందని నాకు తెలుసు, అయినా రా. నీ పక్కన నేనూ ఎత్తుతాను. ఎకరం తేలేదాకా గడ్చిరోలి బస్సు ఎక్కనివ్వను.

బుచ్చన్న